నలభయ్యో వీపు

కుర్చీ చక్రానికి రెండు చుక్కలు నూనె వేసి, ముందుకొకసారి వెనక్కొకసారి తోసి, చెవి ఒగ్గి విన్నాడు. ఎడమ చక్రం ఇంకా సన్నగా మూలుగుతోంది. మరో చుక్క వేశాడు. చక్రం కిర్రుమంటే నడిచేవాళ్ళు బెదురుతారు. వెనక ఎవరో తరుముకొస్తున్నట్టు అడుగులు పెద్దవి చేస్తారు, దాంతో లెక్కంతా పాడవుతుంది. అందుకే ఊడ్చే మనిషి కూడా రాకముందే వచ్చి ఆ నూనె డబ్బాతో కుస్తీ పడుతూ ఉంటాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు మానమన్నా మానడు.

విశ్వవిద్యాలయంలో పాత భవనం, మూడో అంతస్తు, పొడుగాటి నడవా. రెండు కొసల్లోనూ నేలమీద పసుపు టేపు అతికించి, రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజ రంగు కోన్లు చెరొకటి పెట్టారు. అరవై దాటినవాళ్ళు ఎలా నడుస్తారో, ఎంతసేపటికి అలిసిపోతారో తెలుసుకోవడం అక్కడి పరిశోధన. తమంతట తాము ముందుకొచ్చిన ముసలివాళ్ళు గంట మోగేదాకా ఆ కొస నుంచి ఈ కొసకూ, ఈ కొస నుంచి ఆ కొసకూ నడవాలి. ఎన్నిసార్లు తిరిగారో బల్ల దగ్గర కూర్చున్న నర్సమ్మ రాసుకుంటుంది. గోడకు బిగించిన కెమెరా వాళ్ళ నడకను తీస్తుంది. అతని పని ఒక్కటే, చక్రాల కుర్చీ తోసుకుంటూ వాళ్ళ వెనక నడవడం. ఎవరి కాళ్ళయినా తేలిపోతే వాళ్ళు నేలమీద పడేలోగా కుర్చీ కిందికి చేరాలి.

వెనకే నడవాలి, పక్కన నడవకూడదు. పక్కన మనిషి ఉంటే ఎంతటివాళ్ళైనా తెలియకుండానే ఆ మనిషితో అడుగు కలుపుతారట, అప్పుడది వాళ్ళ నడక కాకుండా పోతుందట. చేరిన మొదటిరోజే ఈ మాట చెప్పారు. అతనికి పెద్దగా నేర్చుకోవలసింది ఏమీ కనిపించలేదు. ఇక్కడికి రాకముందు ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసేవాడు, అదీ వెనక నుంచే. ఆ లెక్కన జీవితమంతా ఒకరి వెనకే గడిచిందన్నమాట. అందరూ అతన్ని కుర్చీ బాబాయ్ అంటారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పేర్లు అక్కడ ఎలాగూ పనికిరావు. వచ్చినవాళ్ళ వివరాలు బయటకు పొక్కకూడదని ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరున్న గుడ్డముక్కను వీపుకు పిన్నీసులతో పెడతారు. పెట్టేది అతనే. అందుకని మొహాలకన్నా వీపులు బాగా తెలుసు. బజారులో కూరగాయలు బేరం చేస్తున్న వీపును చూసి, ఈయన పన్నెండో నంబరు కదూ అనుకునేవాడు. ఆయనే ఇటు తిరిగి నవ్వితే మాత్రం ఎవరో పోల్చుకోలేక నీళ్ళు నమిలేవాడు. ఎవరు గంటదాకా లాగుతారో, ఎవరు మధ్యలో కూలబడతారో భుజాలే చెబుతాయని అతని నమ్మకం. భుజాలు చెవులవైపు లేచాయంటే కుర్చీ దగ్గరకు జరిపేవాడు.

ఈ అలవాటు ఇంటికీ పాకింది. పెళ్ళయిన కొత్తల్లో సినిమాకి వెళితే భార్య మాట్లాడుకుంటూ ముందు నడిచేది. కాసేపటికి జవాబు లేకపోయేసరికి వెనక్కి తిరిగి చూసేది. పదడుగుల దూరంలో చేతులు ముందుకు పెట్టుకుని, లేని స్ట్రెచర్ తోస్తున్నట్టు వచ్చేవాడు. తప్పిపోయారేమో అనుకున్నానంటూ మొదట్లో నవ్వేది. తర్వాత పక్కన నడవమని విసుక్కునేది. ఆ తర్వాత అదీ మానేసి, వెనకాల ఉన్నాడులే అనుకుని గాలితో మాట్లాడుతున్నట్టు మాట్లాడుకుంటూ పోయేది. రెండు మూడుసార్లు పక్కన నడవబోయాడు పాపం. అడుగు కుదరలేదు. ఆమె చెప్పు చప్పుడు వినగానే కాళ్ళు వాటంతటవే వెనకబడ్డాయి.

ఆమె బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసింది. చూపు మందగించే వరకూ కుట్టుమిషను ముందు వంగి, వంగి, ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి దిగిపోయింది. పిల్లలు లేరు. ఆ సంగతికి మొదట్లో ఏడ్చుకున్నారు, తర్వాత దాని గురించి మాట్లాడుకోవడం మానేశారు. ఈ నడక పరిశోధన మొదలైనప్పుడు నంబర్ల గుడ్డలు అంచుల్లో దారాలు ఊడుతున్నాయని ఇంటికి తెచ్చాడు. ఎర్రదారంతో నాలుగువైపులా మడిచి కుట్టి ఇచ్చింది. ఇన్ని నంబర్లు ఎవరు మోస్తారని అడిగింది. ముసలివాళ్ళని చెప్పాడు. మనలాంటివాళ్ళా అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

నలభై మంది కావాలి. ముప్పైతొమ్మిది మంది దొరికారు. పరిశోధన చేస్తున్న అమ్మాయి గ్రంథాలయంలో, క్యాంటీన్‌లో, బస్టాపుల్లో, చివరికి బట్టల ఇస్త్రీ కొట్టు తలుపుమీద కూడా కాగితాలు అతికించింది. ‘మీ నడక మాకు కావాలి’ అని పెద్ద అక్షరాలు, కింద చింపుకుపోవడానికి ఫోను నంబర్ల తోకలు. తోకలైతే చాలామంది చింపుకుపోయారు గానీ మనిషి మాత్రం రాలేదు. ఒకాయన వస్తానని చెప్పి, మోకాలు పట్టేసిందని మానేశాడు. కెమెరా వేరే విభాగం వాళ్ళది. ఈరోజు సాయంత్రం తీసుకుపోతారు. నలభై పూర్తికాకపోతే పెద్ద ప్రొఫెసరు ఒప్పుకోడు, రెండేళ్ళ పని మళ్ళీ మొదటికొస్తుంది. ఆ పిల్ల నాలుగు రోజులుగా తిండీ తిప్పలూ లేకుండా తిరుగుతోంది. కళ్ళ కింద నల్లగా కమిలింది.

నిన్న సాయంత్రం భోంచేస్తూ ఈ కబురు ఇంట్లో చెప్పాడు. చెప్పాలని కాదు, పళ్ళెం ముందు కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడాలిగా. ఆమె చెయ్యి కడుక్కుంటూ, నేనొస్తానంది. అతను పళ్ళెంలోంచి తలెత్తాడు. నీకెందుకన్నాడు. మీరు రోజంతా చేసే పనేమిటో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూడలేదు, చూస్తానంది. పొద్దున్నే అమ్మాయికి చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళు రాకూడదని నియమమేమీ లేదని కాగితాలు తిరగేసి మరీ చూసి చెప్పింది.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. ఊదారంగు స్వెటర్, బట్టచెప్పులు, నున్నగా దువ్విన తల. మూడంతస్తులు ఎక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది. లిఫ్టు పనిచెయ్యడం లేదని చెప్పడం అతను మరిచిపోయాడు. నర్సమ్మ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఊపిరి కుదుటపడ్డాక రక్తపోటు చూసింది. వేలికి క్లిప్పు పెట్టింది. అన్నీ బాగానే ఉన్నాయంది. ఇక ప్రశ్నలు. గుండెజబ్బు ఉందా? లేదు. కళ్ళు తిరగడం? లేదు. నడుస్తుంటే ఆయాసం వస్తుందా? రాదు. ఆమె ప్రతిదానికీ బళ్ళో పిల్లలా టక్కున జవాబు చెప్పింది. “అయితే నలభై గారూ, ఇటు వచ్చి నిలబడండి,” అని నర్సమ్మ నవ్వింది.

అతను పిన్నీసులు నోట్లో పెట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు. తను కుట్టిన గుడ్డే తన వీపుకు వస్తోందని ఆమెకు సరదాగా ఉన్నట్టుంది, తల తిప్పి చూడబోయింది. కదలొద్దన్నాడు. మూడో పిన్నీసు పెడుతుండగా ఆమె పెదవులు కదలకుండా, అతనికి మాత్రమే వినబడేటట్టు అంది.

“కొన్నాళ్ళుగా నడిస్తే ఆయాసం వస్తోందండీ. వాళ్ళకి చెప్పకండి. తీసేస్తారు.”

అతని చెయ్యి ఆగింది. ఎన్నాళ్ళుగా అని అడగబోయాడు. పిన్నీసు నోట్లో ఉంది. దాన్ని తీసేలోగా పరిశోధన అమ్మాయి వచ్చి, ఆంటీ రెడీయేనా అంటూ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పిల్ల మొహం దీపం పెట్టినట్టుంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతోంది. ఒక్క మాట చెబితే చాలు, ఆ నవ్వు ఆరిపోతుంది. చెప్పకపోతే ముందున్న మనిషి సంగతేమిటో తెలియదు. ఇలాంటి రెండు మాటల మధ్య నిలబడి ఏదో ఒకటి తేల్చుకోవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. నాలుగో పిన్నీసు పెట్టేసి, కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

గంట మోగింది. ఆమె నడిచింది.

ముందువైపు చూస్తూ, చేతులు చక్కగా ఊపుతూ, పెళ్ళికి వెళుతున్నట్టు నడిచింది. అతను మూడడుగుల వెనక. నడుస్తున్నవాళ్ళతో సొంత మాటలు మాట్లాడకూడదు. కాగితంమీద అచ్చువేసిచ్చిన నాలుగు మాటలే అనాలి, ఒకళ్ళకి ఎక్కువ హుషారు, ఒకళ్ళకి తక్కువ రాకుండా. అతను అవి ముప్పైతొమ్మిది మందికి ఒకే గొంతుతో చెప్పాడు. నర్సమ్మ చెయ్యెత్తి సైగ చెయ్యగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

“మీరు బాగా నడుస్తున్నారు. ఇలాగే నడవండి.”

ఆమె భుజాలు కదిలాయి. ఆయాసమేమోనని కుర్చీ జరపబోయాడు. కాదు, నవ్వుతోంది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో భర్త ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. అదీ అచ్చులో ఉన్న మాటతో, మీరూ గీరూ అంటూ. అతనికి చెవులు వేడెక్కాయి. నర్సమ్మ తల దించుకుంది.

ఆ కొస దగ్గర కోను చుట్టూ తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాతి తిరుగుడులో కుడిభుజం కొంచెం లేచింది. ఎడమది ఎప్పటినుంచో కిందికే ఉంది కాబట్టి మొదట తేడా తెలియలేదు. తర్వాత అదీ లేచింది. మెడ వెనక సన్నటి నరం బిగిసింది. మోచేతులు పక్కలకు విచ్చుకున్నాయి. ఈ వీపు వేరే ఎవరిదైనా అయితే అతనికి అనుమానమే ఉండేది కాదు.

కుర్చీ తోసేవాడికి ఇచ్చిన ఆ నాలుగు మాటల్లో చివరిది, ‘చాలు, కూర్చోండి.’ అది అనే అధికారం అతనికుంది. ఎప్పుడనాలో అతని ఇష్టం, అతన్నెవరూ ఎందుకని అడగరు. అంటే ఆమె కూర్చుంటుంది, గంట మోగకముందే ఆగిందని నర్సమ్మ రాస్తుంది, ఎందుకని ఆమెను ఆరా తీస్తారు, ఆయాసం సంగతి బయటపడుతుంది. ఆ మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. ఇంకొక తిరుగుడు చూద్దామనుకున్నాడు. తిరిగాక, ఇంకొకటి చూద్దామనుకున్నాడు. నర్సమ్మ చెయ్యెత్తింది.

“ఇంకా కొంచెమే ఉంది,” అన్నాడు.

గంట మోగింది. ఆమె ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కుర్చీ వెళ్ళి ఆమె మోకాళ్ళ వెనక మెత్తగా తగిలింది. ఆమె కూర్చుంది. పరిశోధన అమ్మాయి చప్పట్లు కొట్టింది, నర్సమ్మ కూడా కొట్టింది. ఆమె ఎర్రబడ్డ మొహంతో అందరినీ చూసి నవ్వుతూ, చెయ్యి స్వెటర్ మీద గుండెల దగ్గర పెట్టుకుని ఉంది. వేలికి మళ్ళీ క్లిప్పు పెట్టారు. కాసేపు ఆగి మళ్ళీ చూశారు. పరవాలేదన్నారు. బిస్కట్లు ఇచ్చారు. ఆమె ఒకటి తిని, ఒకటి అతనికని కాగితంలో చుట్టి దాచింది. కెమెరా తీసుకుపోయేవాళ్ళు వచ్చి దాన్ని గోడనుంచి విప్పుతుంటే ఆ హడావిడిలో అందరూ అటు వెళ్ళిపోయారు. అతను కుర్చీ మూలకు చేర్చి బట్ట కప్పాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసి బయల్దేరారు. బస్సులో ఆమెకు సీటు దొరికింది, అతను వెనక నిలబడ్డాడు. బస్సు దిగాక ఇంటిదాకా నడక. ఆమె ముందు, అతను వెనక. స్వెటర్ వీపుమీద నలభై అలాగే ఉంది. పిన్నీసులు తియ్యలేదు. ఎదురుపడ్డవాళ్ళు ఆమెను దాటాక తిరిగి చూసి నవ్వుకున్నారు. అతనికి ఆ నంబరు దారి పొడుగునా కనబడుతూనే ఉంది. తీసెయ్యాలని మాత్రం తోచలేదు. ఇంకెవరైనా అయితే అయ్యో అని నాలుక కరుచుకునేవారు. నంబరున్న వీపు వెనక నడవడం అతనికి తలదువ్వుకోవడం లాంటిది, అందులో వింతేముంది?

రేపు సెలవు పెట్టి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని అనుకున్నాడు. ఆ మాట పైకి అనలేదు. ఇంటి మలుపులో ఆమె ఆగింది. ఊపిరి తీసుకుని, వెనక్కి తిరక్కుండానే అంది.

“ఇవాళ నన్ను ‘మీరు’ అన్నారు. బాగుంది. ఇంకోసారి అనండి.”

“ఊరుకో,” అన్నాడు.

ఆమె కాసేపు అలాగే నిలబడింది. అతను పక్కకు వస్తాడని చూసిందో, ఆయాసం తగ్గాలని ఆగిందో. అతనూ మూడడుగుల దూరంలో ఆగాడు. తర్వాత ఆమె నడిచింది, అతను నడిచాడు.

ఇంటికి రాగానే స్వెటర్ విప్పి తలుపు పక్కన మేకుకు తగిలించింది. టీ పెడతానంది. పాలు లేవని అతను వీధి చివరి కొట్టుకు వెళ్ళాడు. కొట్టువాడు చిల్లర కోసం వెతుక్కుంటూ ఆలస్యం చేశాడు. తిరిగి వచ్చేసరికి పొయ్యిమీద నీళ్ళు సగానికి పైగా ఇగిరిపోయి కుతకుతలాడుతున్నాయి. ఆమె పొయ్యి పక్కన చిన్నపీటమీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి ఒళ్ళో ఉంది. చేతిలో బిస్కటు చుట్టిన కాగితం.

అతను పొయ్యి ఆర్పాడు. పాలు గట్టుమీద పెట్టాడు. పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. భుజాలు చూశాడు. రెండూ కిందికి దిగి ఉన్నాయి, మొదటిసారిగా రెండూ ఒకే ఎత్తున. అప్పుడు తెలిసింది. ఎదురుగా చతికిలబడి ఆమె మొహం చూశాడు. పక్కింటావిడ ఏదో అడగడానికి తలుపు నెట్టుకుని వచ్చేదాకా అలా చూస్తూనే ఉన్నాడు. ఏడుపు రాలేదు. రావాలి కదా అనుకున్నాడు, వస్తుందేమోనని ఆగాడు.

మర్నాడు పొద్దున్న నర్సమ్మ, పరిశోధన అమ్మాయి వచ్చారు. ఆ పిల్ల మొహం ఏడ్చి ఏడ్చి వాచి ఉంది. గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చిన సంగతి పక్కింటావిడ చెప్పింది. నర్సమ్మ, తను అన్నీ చూసే పంపానని ఎవరూ అడక్కుండానే రెండుసార్లు అంది. అమ్మాయి అతని పక్కన నేలమీద కూర్చుంది.

“బాబాయ్, ఆంటీకి ముందునుంచీ ఏమైనా ఇబ్బంది ఉండేదా? ఆయాసం లాంటిది? చెప్పండి. ఉంటే ఆ నడక నేను తీసేస్తాను. అంతా పోయినా పరవాలేదు.”

అతను గుమ్మంవైపు చూశాడు. ఉందని చెప్పడం తేలికే. నిన్న చెప్పాల్సిన మాట ఇవాళ చెప్పినట్టవుతుంది, గుండెలమీద బరువు కొంత దిగుతుంది. అయితే ఆ కోను దగ్గర తిరిగి వచ్చిందీ, నవ్వుతూ భుజాలు కదిపిందీ, గంట మోగేదాకా ఆగకుండా నడిచిందీ, అవన్నీ లేనట్టవుతాయి. తీసేస్తారు. అదొక్కటే వద్దని అడిగింది ఆమె. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అడిగినవే తక్కువ. పక్కన నడవమన్నదీ కుదరలేదు, ఇంకోసారి అనమన్నదీ అనలేదు.

“లేదమ్మా,” అన్నాడు. “బాగానే నడిచింది.”

అమ్మాయి అతని చెయ్యి పట్టుకుని తలూపింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

మధ్యాహ్నానికి ఆమెను తీసుకెళ్ళారు. వచ్చినవాళ్ళంతా అతన్ని ముందు నడవమన్నారు. ఒకాయన భుజంమీద చెయ్యి వేసి మెల్లిగా ముందుకు నెట్టాడు కూడా. నాలుగడుగులు నడిచాడు. కాళ్ళు వాటంతటవే వెనకబడ్డాయి. అందరూ దాటిపోయాక, మూడడుగుల దూరం ఉంచుకుని, ఖాళీ చేతులు కొంచెం ముందుకు పెట్టుకుని నడిచాడు. దారిలో ఎక్కడో అతని పెదవులు కదిలాయి. మీరు బాగా నడుస్తున్నారు, అని. ఎవరికీ వినబడలేదు.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో పక్కింటావిడ దీపం పెట్టి, నేల తుడిచి వెళ్ళిపోయింది. అతను తలుపు వేసి, గడియ పెట్టి, ఇటు తిరిగాడు. మేకుకు ఊదారంగు స్వెటర్ వేలాడుతోంది, వీపు ఇటువైపుకే ఉంది. ఎడమ భుజం కిందికి దిగి ఉంది, ఎర్రదారం అంచుల మధ్య నలభై, నాలుగు పిన్నీసులూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.